ఊరు కదలని దీర్ఘాయుష్షు: పశ్చిమ ప్రకాశంలో ఒక తరం తల్లుల జీవితం

అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో 1930 ప్రాంతంలో పుట్టి, తొంభై ఏళ్లు బతికిన ఇల్లాలు కాపురమున్న ఊరు కదలకుండానే రాష్ట్రాలు మారింది, జిల్లా మారింది. ఆమె పుట్టేనాటికి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఈ పల్లెలు కర్నూలు నుంచి విడిపోయి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఇవన్నీ గెజెట్లకు ఎక్కాయి. ఆమె పుట్టిన తేదీ మాత్రం ఎక్కడా ఎక్కలేదు. ఆ తరం స్త్రీలలో చాలామందికి ఆధార్ కార్డు మీద జనవరి 1 అని ఉండడానికి కారణం ఇదే. వయసును కరువులతో, వరదలతో, పెద్ద కొడుకు కాన్పుతో లెక్కగట్టడమే వాడుక.

బాల్యవివాహ నిషేధ చట్టం, అంటే శారదా చట్టం, 1930 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. అమ్మాయి పెళ్లికి కనీస వయసు పద్నాలుగని చెప్పింది. పల్లెల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఊహ తెలిసీ తెలియక ముందే పెళ్లి, ఈడేరాక కాపురం, ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో పురుడు. కన్న పిల్లలందరూ దక్కేవారు కాదు. ఎంతమంది పిల్లలని అడిగితే కన్న బిడ్డల లెక్క ఒకటి, బతికినవారి లెక్క మరొకటి చెప్పే ముసలమ్మలు ఈ ప్రాంతంలో మొన్నమొన్నటి దాకా ఉన్నారు.

ఆమె రోజును నడిపించింది నీరు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు కొండల సందున కట్ట వేసి కంభం చెరువును నిర్మించారు. దాన్ని కట్టించింది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని జనం చెప్పుకుంటారు. ఆ చెరువు కింద పొలాలకు తడి అందింది కానీ, చుట్టుపక్కల మెట్ట ఊళ్లకు బావే దిక్కు. తెల్లవారకముందే చేద, చాంతాడు, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. తరువాత చేతిపంపు వచ్చింది. ఇక్కడందరూ దాన్ని బోరింగు అనే పిలిచారు. నీళ్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడు బాధ పెరిగింది. పళ్లకు గార, మోకాళ్లకు పట్టు, వంగిన నడుము: వీటిని ముసలితనం ఖాతాలో వేయడం అన్యాయం. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కృష్ణా నీటిని కొండలోపలి సొరంగాల గుండా తేవాలన్నది పథకం. అప్పటికి అరవై దాటిన తల్లులు బిందె మోసిన దారిలోనే ముసలివారయ్యారు.

నీటి తరువాత తిండి. జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక ఈ నేల పంటలు. వీటిని దంచాలి, చెరగాలి, ఇసుర్రాయి మీద విసరాలి. ఆ తరువాతే సంగటి కెలకడం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రావడంతో వంట మారింది, ఇసుర్రాయి మూలకు చేరింది. పేదింటి ఆడవాళ్ల చేతులకు దొరికిన మొదటి పెద్ద విశ్రాంతి అదేనని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇంటి పనితోపాటు కలుపుతీత, కోత, పశువుల మేత, పాడి ఆమెవే. మార్కాపురం పలకల పరిశ్రమలో కూలికి వెళ్లినవారూ ఉన్నారు. తమకు అక్షరం రాకపోయినా ఎన్నో ఇళ్ల పిల్లల చేతుల్లోకి వెళ్లే పలకలు తయారుచేశారు.

ఇంత చేసినా, ఇంటి పని మాత్రమే చేసుకునే స్త్రీని జనాభా లెక్కలు ‘పని చేయనివారు’ అన్న గడిలో వేశాయి. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవారు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఇసుర్రాయి, బావి ఉన్న రోజుల్లో ఎవరూ ఇలా కొలవలేదు.

తల్లి శ్రమ లోకానికి తెలియాలంటే చాలాసార్లు బిడ్డ గొప్పవాడు కావలసి వచ్చింది. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు తల్లి సుబ్బమ్మ అందుకు ఉదాహరణ. భర్త గోపాలకృష్ణయ్య పోయేనాటికి ప్రకాశానికి పదకొండేళ్లు. ఆమె పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు నడిపింది. అన్నం అమ్ముకోవడాన్ని చిన్నచూపు చూసిన కాలం అది. ఆ కూటి డబ్బు పిల్లవాడి చదువుకు ఆసరా అయింది. 1904లో బారిష్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లేముందు మాంసం ముట్టనని, పొగ తాగనని ప్రకాశం తల్లికి మాట ఇచ్చారు. ఆయన ‘నా జీవితయాత్ర’ రాయకపోతే సుబ్బమ్మ గురించి మనకు తెలిసేది బహు స్వల్పం. అలాంటి పుస్తకం లేని సుబ్బమ్మలు ప్రతి వీధిలో ఉన్నారు.

ఆస్తి విషయానికి వస్తే, 1956 హిందూ వారసత్వ చట్టం వితంతువుకు భర్త సొంత ఆస్తిలో పిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టబద్ధం చేసింది. అయితే అప్పటికే పెళ్లైనవారికి అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేనాటికి ఈ తరం స్త్రీలకు డెబ్బై దాటాయి. చట్టం ఇచ్చినా అన్నదమ్ములను వాటా అడిగినవారు అరుదు. పుట్టిల్లు పోగొట్టుకోవడం ఇష్టం లేక వదులుకున్నారు. దాన్ని ఉత్త మంచితనంగా పొగడడం కంటే, ఆమె చెల్లించిన మూల్యంగా గుర్తించడం సరైన గౌరవం.

వృద్ధాప్యంలో పింఛనే ఆమె చేతికి నేరుగా వచ్చిన మొదటి స్థిరమైన సొమ్ము. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు పోగా ఇంటికి కాపలా, మనవళ్లకు ఊరగాయ, పండక్కి ఎదురుచూపు ఆమె వంతు.

మరణం తరువాత స్మరణ పద్ధతులు కులాన్నిబట్టి మారతాయి. తద్దినం పెట్టే ఇళ్లలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ వరకు మూడు తరాల స్త్రీల పేర్లు పలుకుతారు. ఆపై పేర్లు జారిపోతాయి. చాలా ఇళ్లలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెడతారు. గోడ మీద ఫొటో, దండ ఉంటాయి. వీటితోపాటు కుటుంబం రాసిపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి: ఆమె పుట్టింటి ఊరు, తల్లి పేరు, కన్న పిల్లలెందరు, దక్కినవారెందరు, ఏ బావి నుంచి నీళ్లు తెచ్చింది, ఏ చేలో కూలికి వెళ్లింది, ఎవరి పురుడు పోసింది, ఏ నగ తాకట్టు పెట్టి ఎవరి ఫీజు కట్టింది. వాటిని చెప్పగల తోటికోడళ్లు, ఆడబిడ్డలు అర్ధవీడు చుట్టుపక్కల ఇంకా కొందరు మిగిలి ఉన్నారు.