విద్యుల్లేఖకు ద్వారపాలకుడు



కవరుపై పంపువాని పేరు ఎవడైనను తనకు దోచినట్లు వ్రాయవచ్చును. తపాలా బంట్రోతు దానిని విచారింపడు. ఈమెయిలును మొదట నట్లే యేర్పడినది. 1982లో జోనాథన్ పోస్టెల్ వ్రాసిన నిబంధనలలో పంపినవా డెవడో నిర్ధారించు విధియే లేదు.

పిదప అక్కఱలేని యుత్తరములు వెల్లువలై వచ్చిపడగా, కొందఱు వాకిట నొక ద్వారపాలకుని నిలిపిరి. క్రొత్తవాడు వ్రాసినచో "నీవు మనుష్యుడవేనా? బదులిమ్ము" అని యంత్రమే యడుగును, బదులు వచ్చువఱకు నుత్తరము లోనికి రాదు. నేనును కొంతకాల మట్లే చేసితిని. దూరదేశమునుండి నా పూర్వశిష్యు డొకడు తండ్రి మరణవార్త వ్రాసెను. యంత్రము ప్రశ్న పంపినది. దుఃఖములో నున్న యాతడు దానిని చూడలేదు. రెండునెలల పిమ్మట ఆ యుత్తరము నా కంటబడినది. నా పరామర్శ యాలస్యమును అతడు మన్నించెను గాని, నాకు మాత్రము మనసొప్పలేదు.

మఱియొక దోషమును గలదు. మోసగాడు పరుల పేరు పెట్టి వ్రాయును గదా! ఆ ప్రశ్న నిరపరాధి యింటికి పోవును. మన వాకిలి యూడ్చి చెత్తను పొరుగువాని ముంగిట బోయుట వంటిదే యిది.

ఇప్పుడు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎమ్. అను పద్ధతులు వచ్చినవి. ఒక సంస్థ పేరిట నుత్తరములు పంపుటకు ఏ యంత్రముల కధికారము కలదో మొదటిది ప్రకటించును. రెండవది ముద్ర వేయును. మనుష్యుని బాధింపక యంత్రములే పరీక్షించుకొనును. 2024 ఫిబ్రవరినుండి గూగుల్ సంస్థ, దినమునకు 5,000 ఉత్తరములు జీమెయిలు ఖాతాలకు పంపువారికి వీనిని తప్పనిసరి చేసినది. అయినను మోసగాడు సైతము సొంత పేరు కొని, దానిపై నిక్కమైన ముద్ర వేయించుకొనవచ్చును. ముద్ర పేరునకే సాక్షి, బుద్ధికి గాదు.

నా ద్వారపాలకుని తొలగించితిని. అక్కఱలేనివి దినమునకు పదియో పండ్రెండో వచ్చుచున్నవి. ప్రొద్దున కాఫీ త్రాగుచు వానిని నేనే తీసివేయుచున్నాను.