ఆరోగ్యవిద్యలో జన్యుశాస్త్రము



వంశమును గూర్చి తెలిసికొనవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. సంకల్పమున గోత్రము చెప్పుకొనుచున్నాము. తద్దినమున మూడు తరముల పేళ్లను తలచుచున్నాము. అయినను, వ్యాకరణమును కావ్యములను బోధించి విశ్రాంతి గైకొన్న నావంటి వానికి జన్యుశాస్త్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. మా మనుమరాలు ఆరోగ్యవిజ్ఞానమున బి.ఎస్‌సి. చదువుచున్నది. తన పాఠములలోని మాటలకు తెలుగు మాటలు చెప్పుమని నన్నడుగుచుండుటచే ఆ పుస్తకములు నేనును చూడవలసి వచ్చినది. చూడగా నాకొక్కటి స్పష్టమైనది. ఈ శాస్త్రము ప్రయోగశాలలో మొదలైనను, దాని పర్యవసానము ఒక యింటివారితో చెప్పు మాటలో నున్నది. ఆ మాట సరిగా చెప్పుటకే విద్యార్థి దీనిని శ్రద్ధగా చదువవలెను.

ఈ శాస్త్రమునకు మూలపురుషుడు గ్రెగర్ మెండెల్. ఆయన నేటి చెక్ దేశములోని బర్నో నగరపు మఠమున నుండిన సన్న్యాసి. గుండ్రని గింజల బఠానీని ముడుతగింజల బఠానీతో సంకరము చేయగా మొదటి తరమున అన్నియు గుండ్రని గింజలే కలిగినవి. వానినుండి పుట్టిన తరమున 5474 గుండ్రనివి, 1850 ముడుతలవి లెక్కకు వచ్చినవి. అనగా ఇంచుమించు మూటికొకటి. ముడుతగుణము నశింపలేదు, ఒక తరము దాగియుండెను. 1866లో ఆయన వ్యాసము అచ్చుపడినను, 1900వరకు లోకమంతగా గమనింపలేదు.

దాగియుండుట యననేమి? తాళపత్రప్రతులను పరిష్కరించినవారికిది సులభముగా బోధపడును. ప్రతి జన్యువునకు మనలో సాధారణముగా రెండు ప్రతులుండును; ఒకటి తండ్రి యిచ్చినది, ఒకటి తల్లి యిచ్చినది. ఒక ప్రతిలో లేఖకదోషమున్నను, రెండవ ప్రతి శుద్ధమైనచో పెక్కుచోట్ల పని సాగిపోవును. రెండు ప్రతులలోను అదే దోషమున్నప్పుడే చిక్కు. దోషమెంత చిన్నదైనను చాలును. 'సకలము' అనగా సమస్తము. తొలి యక్షరము మారి 'శకలము' అయినచో ముక్క. ఒక్క యక్షరముతో సమస్తము ముక్కయైనది.

కొడవలి కణవ్యాధి, అనగా సికిల్ సెల్ వ్యాధి, అట్టిదే. రక్తమునకు ఎఱుపునిచ్చు హిమోగ్లోబిన్‌ను నిర్మించు జన్యువున ఒక్క యక్షరము మారును. అందుచే ఆ ప్రోటీనుగొలుసులో ఆరవచోట గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ చేరును. ప్రాణవాయువు తగ్గినపుడు గుండ్రని రక్తకణము కొడవలివలె వంగి సన్నని నాళముల నడ్డుకొనును. బిడ్డకు ఎముకలు పగులునట్టి నొప్పులు కలుగును. ఇది అణునిర్మాణమునకు చెందిన రోగమని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు చూపిరి.

ఇక లెక్కకు వత్తము. తల్లిదండ్రులిద్దరును ఒక్కొక్క దోషప్రతి గలవారే యనుకొందము. ఇరువురును ఆరోగ్యవంతులే. తండ్రి పక్షమున నొక గవ్వ, తల్లి పక్షమున నొక గవ్వ వేయుడు. రెండును బోరగిల పడుట నాలుగింట నొక వంతు. అట్టి బిడ్డకు వ్యాధి. ఒకటి వెల్లకిల, ఒకటి బోరగిల పడుట సగము వంతు. ఆ బిడ్డ తల్లిదండ్రులవంటివాడే. రెండును వెల్లకిల పడుట మిగిలిన నాలుగవ వంతు. ఆ బిడ్డకు దోషమే లేదు. 'ఒక బిడ్డకు రానే వచ్చినది, ఇక ముగ్గురకు భయము లేదు' అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. అది పొరపాటు. గవ్వకు వెనుకటి పందెము జ్ఞాపకముండదు. ప్రతి కాన్పునకును పందెము క్రొత్తదే. పరీక్షలో నాలుగింట నొకటి యని వ్రాయుట సులువు. గర్భిణియైన తల్లికి ఆ మాట యర్థమగునట్లు చెప్పుట కష్టము.

ఒక్క దోషప్రతి గలవారిని ఏమని పిలువవలెనని మా మనుమరాలు నన్నడిగినది. 'రోగవాహకుడు' అని కొందరు వాడుచున్నారట. నేను వలదంటిని. ఆ మాట వినినవాడు అంటురోగమును మోయువాడని తలంచును. మోయునది రోగమును గాదు, జన్యువును. కావున 'జన్యువాహకుడు' అనుట యుక్తము. ఇది పండితుని పట్టుదల మాత్రము కాదు. గిరిజన ప్రాంతములలో ఈ వ్యాధిని రూపుమాపుటకు భారత ప్రభుత్వము 2023 జూలై 1న జాతీయోద్యమము నారంభించినది. 2047 నాటికి సాధింపవలెనని లక్ష్యము. పరీక్షాఫలములను తెలుపు కార్డులు ఇంటింటికి చేరుచున్నవి. కార్డుమీద చూచిన ఒక్క మాటతో ఒక పిల్లకు పెండ్లి తప్పిపోవచ్చును. నిజమేమనగా, జన్యువాహకురాలు దోషప్రతి లేనివానిని పెండ్లాడినచో బిడ్డలకు ఈ వ్యాధి రాదు. పైగా ఆ యొక్క ప్రతి తీవ్రమైన మలేరియానుండి రక్షించునని 1954లో ఆంటొనీ ఆలిసన్ వెల్లడించెను. మనము దోషమను నదే దోమల నేలలో కవచమై యుండెను.

మన ప్రాంతమువారికి వేరొక విషయము ముఖ్యము. 1902లో ఆర్చిబాల్డ్ గారడ్ అను ఆంగ్లవైద్యుడు, మూత్రము నల్లబడు నొక యరుదైన వ్యాధిగల బిడ్డల తల్లిదండ్రులు పలుమారు తోబుట్టువుల సంతానమై యుండుటను ప్రకటించెను. మనలో మేనరికము పూర్వాచారము. బోధాయనుడు దీనిని దక్షిణాది యాచారములలో పేర్కొనెను. సగోత్రమును తప్పించితిమి గదా యని మనము నిశ్చింతగా నుందుము. గోత్రము తండ్రి వరుసనే లెక్కించును. జన్యువులు తల్లి వరుసనుండియు వచ్చును. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువులలో సుమారు ఎనిమిదవ వంతు, మేనమామకును మేనకోడలికిని నాలుగవ వంతు ఉమ్మడి. మేనరికపు బిడ్డలలో పెక్కురు ఆరోగ్యవంతులే. అయినను వంశమున అట్టి వ్యాధి యున్నచో ముహూర్తమునకు ముందే జన్యువైద్యుని సలహా పొందుట మేలు.

విద్యార్థులు వంశవృక్షమును గీయుట నేర్చుకొందురు. మగవానికి చతురస్రము, ఆడుదానికి వృత్తము, దగ్గరి చుట్టములైన దంపతులకు రెండు గీతలు, గర్భస్రావమునకు చిన్న త్రికోణము. మన పూర్వపు వంశావళులలో కొడుకుల పేళ్లే యుండెడివి. ఈ పటమున పుట్టకయే పోయిన శిశువునకును చోటున్నది. నా బాల్యమున మా వీధిలో బిడ్డలు దక్కని యొక యిల్లాలిని శుభకార్యములకు పిలిచెడివారు కారు. ఆమె భర్తను పిలిచెడివారు. రెండు గవ్వలలో ఒకటి ఆయనది కావచ్చునని ఎవరికిని తోచలేదు. ఆడపిల్లలనే కన్నదని కోడలిని నిందించు అత్తలకును ఇదే చెప్పవలెను: బిడ్డ యాడుదియో మగవాడో నిర్ణయించు క్రోమోసోము తండ్రినుండి వచ్చునది.

ఈ విద్యను దుర్వినియోగము చేసినవారును గలరు. వంశశుద్ధి పేర అమెరికాలోని ఇండియానా రాష్ట్రము 1907లోను, జర్మనీ 1933లోను నిర్బంధముగా సంతానశక్తిని హరించు శాసనములు చేసినవి. కావున విద్యార్థులారా, లెక్కతోబాటు ఈ చరిత్రను గూడ చదువుడు. ఒకరి జన్యువార్తను వారి యనుమతి లేక మరొకరికి చెప్పకుడు. తల్లిదండ్రులారా, పరీక్షాఫలము వచ్చినపుడు తప్పెవరిదని యడుగక, ఇక మనము చేయవలసినదేమని యడుగుడు. మొదటి ప్రశ్నకు ఈ శాస్త్రమున సమాధానము లేదు, రెండవదానికి కలదు.

సెలవు.