వార్ధా నీళ్ళు చేరే ఉప్పు నేల

చంద్రపూర్‌లో ఉండి సముద్రతీరపు ఉప్పు చిత్తడి నేలల గురించి మాట్లాడడమేమిటని మీరు అనుకోవచ్చు. మన ఇరై నది వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. ఆ గోదావరి, గౌతమి పాయ మీదుగా, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిని తాకుతుంది. బల్లార్షా వంతెన కింద వానాకాలంలో పారే ఎర్రనీళ్ళకీ ఆ నేలకీ చుట్టరికం ఉందన్నమాట.

కోరింగను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఏటిగట్ల వెంట మడచెట్లు ఉంటాయి. వాటి వెనుక, పెద్ద పోటు వచ్చినప్పుడు మాత్రమే తడిసే మెరకల మీద ఇలకూర వంటి ఉప్పుమొక్కలు నేలబారుగా పెరుగుతాయి.

ఇటువంటి నేల ఆరోగ్యాన్ని కొలవడం ఎలా? పచ్చగా ఉంటే చాలదా అంటారేమో! చాలదు. పైకి పచ్చగా కనిపిస్తూనే నేల కుంగిపోతూ ఉండవచ్చు. అందుకని ముందు చూడవలసింది నేల ఎత్తు. ఒకచోట తెల్లటి ఖనిజపు పొడి పరచి వదిలేస్తారు. కొన్ని నెలల తరువాత అక్కడ మట్టిని నిలువునా కోసి, తెల్లపొర మీద ఎంత ఒండ్రు పేరుకుందో కొలుస్తారు. లోపలి మట్టి అణగిపోతుంది కూడా. కాబట్టి లోతుగా ఉక్కు కడ్డీ దిగ్గొట్టి, దాన్ని ఆధారం చేసుకుని నేల మట్టాన్ని మిల్లీమీటర్లలో చూస్తారు. ప్రపంచంలో సముద్రమట్టం ఏటా సగటున 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. నేల అంతకు తక్కువ పెరిగితే మునక తప్పదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. 1970లలో గోదావరి ఏటా మోసుకొచ్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990లలో అది 6 కోట్ల టన్నులకు లోపే. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ఇది. ఆనకట్టల వెనుక మట్టి ఆగిపోవడమే ప్రధాన కారణమని వారు తేల్చారు. మనకు నీళ్ళు కావాలి, కాదనను. కాని మట్టి లెక్క కూడా చూడాలి!

ఉప్పు సంగతి వేరు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పల్లంలో నిలిచిన పోటునీరు ఎండకు ఆవిరైతే ఉప్పు అంతకంత పెరిగి మొక్క చస్తుంది. 1990ల చివర స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాలవారు కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇలాంటి బంజరులను గుర్తించి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటూ పాటూ మళ్ళీ ఆడాయి, నాటిన మడ బతికింది.

దెబ్బతిని తిరిగి లేచే శక్తి ఒక్కరోజు కొలతకు అందదు. 1996 నవంబరు తుఫాను వంటిది వచ్చిపోయాక, ఉపగ్రహ చిత్రాలలో బట్టనేల ఎంత, పచ్చనేల ఎంత అని ఏళ్ళ తరబడి పోల్చాలి. కింద, చదరపు మీటరు చట్రం వేసి మొక్కలనూ పీతల బొరియలనూ లెక్కపెట్టాలి. ఏటా అదే చోట, అదే నెలలో చేయాలి. మే నెల లెక్కను అక్టోబరు లెక్కతో పోలిస్తే వానలు తెచ్చిన మార్పును నేల జబ్బుగా పొరబడతాం.