కాసు ముట్టని ఆటగాడు

ఆటగాండ్రలో జీతమునకు ఆడువారు, వేడుకకు ఆడువారు అని రెండు తెగలు కలరు. ఇంగ్లండులో ఒకప్పుడు ఈ భేదమును మిక్కిలి గట్టిగా పాటించెడివారు. వేడుకకు ఆడువారికి అమెచ్యూరులని పేరు. వారిలో మేటియైన వివియన్ వుడ్‌వర్డును గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

వుడ్‌వర్డు 1879లో లండను నగరమున జన్మించెను. వృత్తిచే ఆయన ఆర్కిటెక్టు. భవనములకు ప్లానులు గీయుట జీవనము; ఫుట్‌బాలు ఆడుట వేడుక. టాటెన్‌హామ్, చెల్సీ జట్లలో జీతగాండ్ర నడుమ ఆడియు ఆయన జీతము పుచ్చుకొనలేదు. ఇంగ్లండు పక్షమున 23 అంతర్జాతీయ పందెములాడి 29 గోల్సు చేసెను. 1908లో లండనునందును, 1912లో స్టాక్‌హోమునందును ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచిన బ్రిటిషు జట్టునకు నాయకుడాయనయే.

1914 ఆగస్టులో బ్రిటను మహాయుద్ధమున దిగెను. అయినను ఫుట్‌బాలు పందెములు ఆగలేదు. ఆటగాండ్రు ప్రాణములు దాచుకొనుచున్నారని పత్రికలు నిందించినవి. నిజమునకు జీతగాండ్రు క్లబ్బులతో చేసికొన్న ఒడంబడికలచే కట్టువడియుండిరి. ఆ డిసెంబరు 15వ తేదీన ఫుల్హమ్ పురమందిరమున సభ జరిగి, ఫుట్‌బాలు ఆటగాండ్రకై ఒక పటాలము ఏర్పడెను. అదియే మిడిల్‌సెక్స్ రెజిమెంటులోని 17వ పటాలము. అంతకు ముందే సైన్యమున చేరియున్న వుడ్‌వర్డు దానికి అధికారిగా వచ్చెను. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు.

1915 ఏప్రిల్ 24న మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డు మైదానమున ఎఫ్.ఏ. కప్పు తుది పందెము. చెల్సీ తుది పందెమునకు వచ్చుట అదియే మొదటిసారి. బాబ్ థామ్సన్ అను జీతపు ఆటగాడు గాయపడియుండుటచే, వుడ్‌వర్డునకు సైన్యమునుండి సెలవు లభించెను. ఇంతలో థామ్సన్ కోలుకొనెను. జట్టును అంతదూరము తెచ్చినవారిలో థామ్సన్ ఒకడు. కావున ఆ స్థానము అతనిదేయని చెప్పి వుడ్‌వర్డు తప్పుకొనెను. ప్రేక్షకులలో ఖాకీదుస్తుల సైనికులు పెక్కుమంది. షెఫీల్డు యునైటెడు 3–0తో గెలిచెను. వుడ్‌వర్డు ఆడియుండినచో ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? అట్టి అవకాశము ఆయనకు మరల రాలేదు.

ఆ నవంబరులో పటాలము ఫ్రాన్సునకు తరలెను. 1916 జనవరిలో చేతిబాంబు ప్రేలి వుడ్‌వర్డు తొడకు గాయములయ్యెను. చికిత్స పొంది, ఆయన మరల యుద్ధరంగమునకే వెళ్ళెను. ఆ వేసవిలో సోమ్ పోరాటమున ఆ పటాలమువారు అనేకులు నేలకొరిగిరి.

యుద్ధానంతరము వుడ్‌వర్డు పెద్ద పందెములు ఆడలేదు. వ్యవసాయము చేసికొనుచు, కొంతకాలము చెల్సీ క్లబ్బు డైరెక్టరుగా నుండి, 1954 జనవరి 31న మరణించెను.

జీతము పుచ్చుకొననివాడు జీతగానికంటె ఘనుడని ఆ దేశమున ఎంచుచుండిన దినములవి. వుడ్‌వర్డు ఆ ఘనతను వాడుకొనలేదు. ఆటలాడు పిల్లలు మీ యింట నున్నచో, ఆయన చేసిన గోల్సుతోపాటు, ఆయన ఆడక విడిచిన ఆ యొక్క పందెమును గూర్చియు చెప్పుదురని ఆశించుచున్నాము.