ఉత్తర్వును వెదకి పట్టుకొను పద్ధతి

(ఢిల్లీ, ఘజియాబాద్, ఫరీదాబాద్ ప్రాంతాల రైల్వే, తపాలా తెలుగు ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



మన సర్వీసు నిబంధనలను శాసించే ఉత్తర్వులు చాలావరకు ఈ నగరంలోనే పుడుతున్నవి. రైల్వే బోర్డు రైల్ భవన్‌లోను, తపాలా శాఖ డాక్ భవన్‌లోను ఉన్నవి. అయినను ఆ భవనాలకు కూతవేటు దూరంలో పనిచేసే ఉద్యోగికి సైతం ఉత్తర్వు కంటే ముందు పుకారే చేరుతున్నది.

ఒక్క ఉదాహరణ చూడండి. నూతన పెన్షను పథకం నోటిఫికేషన్ 2003 డిసెంబరు 22న వెలువడింది. అంతకు ముందే ప్రకటించిన పోస్టులకు ఎంపికై, 2004 జనవరి 1న లేదా ఆ తరువాత చేరినవారు పాత పెన్షనుకు ఒకేసారి ఆప్షను ఇవ్వవచ్చునని పెన్షను శాఖ 2023 మార్చి 3న ఉత్తర్వు వెలువరించింది. రైల్వే బోర్డు కూడా దానిని తన ఉద్యోగులకు వర్తింపజేసింది. ఆప్షను ఇచ్చుటకు గడువు అదే సంవత్సరం ఆగస్టు 31. అనగా ఆరు నెలలైనా లేదు. జీవితాంతపు పెన్షను ఆ కొద్ది నెలల మీద ఆధారపడినది.

ఆ ఉత్తర్వు రహస్యమేమీ కాదు. కాని గూగుల్‌లో పాత పెన్షను అని రెండు మాటలు కొట్టినవారికి యూట్యూబు ఉపన్యాసాలు, రాష్ట్ర ప్రభుత్వాల వార్తలు కుప్పగా వచ్చి పడుతవి. కావలసిన కాగితం వాటి అడుగున ఉంటుంది.

దానిని పైకి తెచ్చే ఉపాయాలు కష్టమైనవి కావు. అన్నింటినీ ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయవలెను. "వన్ టైమ్ ఆప్షన్" అను మాటలను కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే, అవే మాటలు అదే వరుసలో ఉన్న పుటలకే వెదుకులాట పరిమితమవుతుంది. ఉత్తర్వు సంఖ్య తెలిస్తే ఇంకను మేలు; పైన చెప్పిన ఉత్తర్వు సంఖ్య 57/05/2021 అని మొదలవుతుంది. దానినే కొటేషన్లలో పెట్టండి. పిమ్మట సైట్ అని వ్రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండ గవ్ డాట్ ఇన్ అని చేర్చితే ప్రభుత్వ వెబ్‌సైట్లు తప్ప తక్కినవి తొలగిపోతవి. మా దృష్టిలో అన్నింటికంటే విలువైనది ఇదే. పుకారు పుట్టించేవానికి ఆ చిరునామా దొరకదు గదా!

ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేర్చితే ఉత్తర్వుల ప్రతులే వస్తవి. అక్కరలేని మాటకు ముందు, దానికి ఆనించి, మైనస్ గుర్తు పెట్టవచ్చును. అయితే దీనిని పొదుపుగా వాడండి. ఆ మాట ఉన్న మంచి కాగితం కూడా దానితోపాటే పోతుంది.

స్కాను చేసి పెట్టిన పాత సర్క్యులర్లలోని అక్షరాలను యంత్రం ఒక్కొక్కసారి చదవలేదు. అప్పుడు శాఖ వెబ్‌సైటులోనే తేదీని బట్టి వెదకవలసి ఉంటుంది.

కాగితం దొరికిన పిమ్మట సంఖ్య, తేదీ, గడువు మూడింటిని ఎర్ర సిరాతో గుర్తించి, బ్రాంచి నోటీసు బోర్డుపై అంటించండి. "మాకింకా రాలేదు" అను గుమాస్తా ముందు దాని నకలు ఉంచి, రసీదు తీసుకోండి.