సబ్‌సెంటర్ నుంచి వచ్చిన నర్సులకు



ఈ నర్సింగ్ స్కూల్లో మూడేళ్ల జీఎన్ఎం కోర్సు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ నా అభినందనలు. ఇంటర్ అయ్యాక నేరుగా ఇక్కడ చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏమీ అనుకోవద్దు. ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడాలనుకుంటున్నది మీ పక్క కుర్చీల్లో కూర్చున్న అక్కలతో. ఏఎన్ఎంలుగా ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, మళ్లీ యూనిఫాం కుట్టించుకుని, ఫస్టియర్ బెంచీ మీద కూర్చున్నవాళ్లతో. మీలో కొందరు డిప్యుటేషన్ మీద వచ్చారు. కొందరు కాంట్రాక్టు ఉద్యోగం వదులుకుని, ఇంట్లో ఒప్పించుకుని వచ్చారు. ఆ ఒప్పించడం ఎంత కష్టమో ఇక్కడున్న ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలని మన దేశంలో లెక్క. ఆ సబ్‌సెంటర్ అంటే జనానికి ఏఎన్ఎమ్మే. గర్భిణుల నమోదు, టీకాలు, ఐరన్ మాత్రలు, కుటుంబ నియంత్రణ, టీబీ, మలేరియా, వాటన్నిటి రిజిస్టర్లు అన్నీ ఆమె భుజాన ఉన్నవే. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి విముక్తి పొందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ ధ్రువపత్రం వెనక ఐస్‌ప్యాకులు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్లు మోసిన చేతులున్నాయి. ఆ చేతుల్లో కొన్ని ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాయి.

పుట్టిన బిడ్డకు బీసీజీ వేయడం చూసినవాళ్లకు తెలుస్తుంది. మోతాదు 0.05 మి.లీ. ఎడమ చేతి పైభాగాన, చర్మం పొరల మధ్యలోకి సూది వెళ్లాలి. కాస్త లోతుకు దిగితే చర్మం కిందికి పోతుంది, పైపైన పెడితే మందు బయటికి కారిపోతుంది. సరిగ్గా వేస్తే అక్కడ చిన్న పొక్కు లేస్తుంది. మూడేళ్ల కోర్సులో ఉన్న పిల్లలకు ఆ చేయి తిరగడానికి చాలా రోజులు పడుతుంది. మీరు ఏడ్చే బిడ్డ చేతిని రెండు వేళ్లతో పట్టుకుని, తల్లితో మాట్లాడుతూనే వేసేస్తారు. మందు కలిపిన నాలుగు గంటల తర్వాత ఆ సీసాను వాడకూడదన్న సంగతి మీకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

అంత పని వచ్చినవాళ్లు కూడా ఇక్కడికొచ్చాక మొదటి ఏడాది పడ్డ అవస్థ ఇంగ్లీషు పాఠ్యపుస్తకంతో. మీలో చాలామంది తెలుగు మీడియం. ఒకరి అనాటమీ పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ పెన్సిల్ రాతలు కనిపించాయి. మాట మీద ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో, పక్కన అర్థం. సెకండియర్ పుస్తకంలో ఆ రాతలు పలచబడ్డాయి. థర్డియర్ పుస్తకంలో అక్కడొకటి ఇక్కడొకటి. మార్కుల మెమో కంటే ఆ మూడు పుస్తకాలే నాకు మీ చదువు గురించి ఎక్కువ చెప్పాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మొన్నటిదాకా మీరు రిఫరల్ స్లిప్ రాసి పంపేవాళ్లు. బీపీ పెరిగిందనో, బిడ్డ అడ్డం తిరిగిందనో రాసి, 108కి ఫోన్ చేసి, ఆమెను బండి ఎక్కించేవాళ్లు. ఆ బండి మలుపు తిరిగాక ఆమె బాధ్యత మరొకరిది. రేపటి నుంచి ఆ బండి వచ్చి ఆగేది మీ వార్డు ముందు. ఆ మరొకరు మీరే. ఏఎన్ఎంకూ రిజిస్టర్డ్ నర్సుకూ ఉన్న తేడా నా దృష్టిలో ఇదే. జీతం, హోదా, పేరు పక్కన చేరే అక్షరాలు ఆ తర్వాతి సంగతి.

రాత్రి రెండింటికి ప్రసూతి వార్డు తీసుకోండి. ఒకావిడకు కాన్పై రెండు గంటలైంది. బీపీ 110/70. చూడ్డానికి బాగానే ఉంది. పల్స్ మాత్రం 84 ఉన్నది 118 అయింది. వయసులో ఉన్న మనిషికి రక్తం పోతున్నా శరీరం చాలాసేపు బీపీని నిలబెట్టుకుంటుంది, ముందు పెరిగేది పల్స్. బీపీ పడిపోయేదాకా ఆగితే అప్పటికే చాలా రక్తం పోయి ఉంటుంది. మీరు పొట్ట మీద చేయి వేసి చూస్తారు. గట్టిగా ఉండాల్సిన గర్భసంచి మెత్తగా తగులుతుంది. మూత్రం నిండి ఉందేమో చూస్తారు, ఎందుకంటే నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. తడిసిన ప్యాడ్లు తూకం వేస్తారు. పొడి ప్యాడ్ బరువు తీసేస్తే, ఒక గ్రాముకు దాదాపు ఒక మి.లీ. రక్తం. 500 మి.లీ. దాటితే అది ప్రమాదం.

అప్పుడు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి "పేషెంట్ డల్‌గా ఉంది సార్" అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. "నాలుగో బెడ్, కాన్పై రెండు గంటలు, పల్స్ 118, బీపీ ఇంకా 110/70, గర్భసంచి మెత్తగా ఉంది, రక్తం 600 దాకా పోయింది, మసాజ్ చేస్తున్నాం, లైన్ పెట్టాం, మీరు వెంటనే రావాలి" అనాలి. ఇందులో చేతి పని మీకు సబ్‌సెంటర్‌లోనే వచ్చు. పల్స్ ఎందుకు పెరిగిందో ఆలోచించడం, చార్టు బాగుందని చెబుతున్నా మనిషి బాగాలేదని నిర్ణయించడం, ఆ నిర్ణయాన్ని నోరు తెరిచి చెప్పడం ఈ మూడేళ్లలో నేర్చుకున్నారు. చాలా ఏళ్లు పైవాళ్ల ఆదేశాలు అమలు చేసినవాళ్లకు ఆ చివరిది అంత తేలిగ్గా రాదు. తప్పనుకుంటారేమోనన్న భయం ఉంటుంది. ఆ భయం ఉన్నా సరే, ఫోన్ చేయండి.

ఇంకో మాట. క్యాజువాలిటీ ముందు ఒక దృశ్యం నేను చాలాసార్లు చూశాను. ఏఎన్ఎం గర్భిణిని వెంటబెట్టుకుని వస్తుంది, చెమటలు కక్కుతూ. లోపలి నర్సు స్లిప్ చూడకుండానే "ఇంతసేపు ఏం చేస్తున్నావ్?" అంటుంది. ఆ ఇంతసేపట్లో ఏం జరిగిందో మీకు తెలుసు. అత్త ఒప్పుకోలేదు. భర్త పనికెళ్లి ఫోన్ ఎత్తలేదు. వాగు దాటాల్సి వచ్చింది. ఆ మాట పడ్డవాళ్లు మీరు. రేపు ఆ మాట అనేవాళ్లు కాకండి. స్లిప్ పూర్తిగా చదవండి. ఆమెను కూర్చోబెట్టి, స్లిప్‌లో రాయనిది ఏముందో అడగండి. ఎప్పటి నుంచి నొప్పులు, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చింది, ఇంట్లో ఎవరున్నారు. సగం కేస్ షీట్ ఆమె దగ్గరే దొరుకుతుంది. డిశ్చార్జ్ రోజున తల్లి చేతిలో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) పెట్టి పంపితే సరిపోదు. ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేసి, ఏం జరిగిందో, ఇంట్లో ఏం గమనించాలో చెప్పండి. ఆసుపత్రికీ ఊరికీ మధ్య కబురు తెగిపోయేది సరిగ్గా అక్కడే. రెండు వైపులా పనిచేసిన మీ కంటే ఎవరూ దాన్ని బాగా కలపలేరు.

వేదిక మీద పెద్దలున్నారు కాబట్టి ఒక విన్నపం కూడా చేస్తాను. అమెరికాలో ప్రాక్టికల్ నర్సు చదువు దాదాపు ఏడాది. ఆమె తర్వాత రిజిస్టర్డ్ నర్సు కావాలనుకుంటే బ్రిడ్జి కోర్సులున్నాయి. అంతకు ముందు చదివినదానికి క్రెడిట్లు ఇచ్చి, మిగిలినది చదివించి, ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ లైసెన్సు పరీక్షకు పంపుతారు. ఇక్కడ మన ఏఎన్ఎంలు, అప్పటికే రెండేళ్ల కోర్సూ ఎన్నో ఏళ్ల సర్వీసూ ఉన్నవాళ్లు, మూడేళ్లూ మొదటి పాఠం నుంచి చదివారు. అనాటమీ, ఫిజియాలజీ చదవాల్సిందే, అందులో రాజీ వద్దు. కానీ పదేళ్లు ఊళ్లు తిరిగిన మనిషిని కమ్యూనిటీ పోస్టింగ్‌కు పంపి, ఇంటింటి సర్వే చేయడం నేర్పించాలా? 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ఆ కొత్త ఏర్పాటులో అనుభవానికి క్రెడిట్ ఇచ్చే దారి ఒకటి తెరవాలి. ఇది దయ కాదు, న్యాయం.

ఇక మీ ముందున్న పనులు. స్టేట్ కౌన్సిల్‌లో ఆర్ఎన్ అండ్ ఆర్ఎం రిజిస్ట్రేషన్ ఆలస్యం చేయకండి. ఆ నంబరు చేతికి వచ్చేదాకా మీరు చదువు పూర్తిచేసినవాళ్లే గానీ రిజిస్టర్డ్ నర్సులు కారు. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది, వీలైనవాళ్లు తప్పక చదవండి. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లండి, కానీ ఏ ఏజెంటు చేతిలోనూ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టకండి.

చివరగా ఒకటి అడుగుతాను. మీ పాత పీహెచ్‌సీల్లో 'మాకు 35 దాటింది, ఇంకేం చదువులే' అని ఆగిపోయిన ఏఎన్ఎంలు ఉన్నారు. జీఎన్ఎం ప్రవేశానికి 35 ఏళ్ల గరిష్ఠ వయసు ఉన్న మాట నిజమే. నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఏఎన్ఎంలకు ఆ పరిమితి లేదని కూడా రాసి ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఈ వారంలో మీలో ప్రతి ఒక్కరూ ఒక్క ఏఎన్ఎంకైనా ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని దరఖాస్తు నింపించండి.