తక్‌పట్టీ చదవండి



పిల్లలు చదువు పట్టాలు అందుకునే ఇలాంటి సభల్లో కష్టపడితే సుఖపడతారని చెప్పడం ఆనవాయితీ. మర్పల్లిలో నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. కష్టం ఒక్కటే చాలితే ఈ మండలంలో పేద ఇల్లే ఉండకూడదు. జూన్ వానలకు విత్తిన కంది చేతికొచ్చేసరికి డిసెంబరో జనవరో అవుతుంది. కలుపు, పచ్చపురుగు, ఎండు తెగులు అన్నీ దాటి బస్తాలు మార్కెట్ యార్డుకు చేరాక ధర చెప్పేది మాత్రం ఇంకొకరు.

ఎండు తెగులు సంగతే చూడండి. నేలలోని శిలీంధ్రం వేళ్లలోంచి ఎక్కితే పూత మీదున్న మొక్క నిలువునా ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత చాకిరీ చేసినా అది తిరిగి లేవదు. మన పొరుగునే పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తెగులు నిండిన మళ్లలోనే కంది రకాలు పెంచి, చావకుండా నిలిచినవాటిని ఏరుతూ పోయారు. ఎండు తెగులును తట్టుకునే ‘ఆశ’ రకం 1993లో విడుదలైంది. వాళ్లదీ కష్టమే, కాకపోతే దానికి చదువు తోడైంది.

చదువుతో ఎదిగినవారి మాటొస్తే, ఈ మండలంలో పుట్టి ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డి గారి పేరు మీరు చాలాసార్లు విని ఉంటారు. అందరం ముఖ్యమంత్రులం కాలేం కదా! నాకు తాండూరు పక్కనున్న యాలాల రైతులే దగ్గరగా కనిపిస్తారు. తాండూరు కందిపప్పు రుచి తరాలుగా తెలిసిందే. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. నేల పాతదే, చెమట పాతదే. ఆ నేల గుణాన్ని, గింజ గుణాన్ని రుజువులతో కాగితం మీద పెట్టడమే కొత్త. గుర్తింపు రాగానే ధర పెరిగిపోదు, నిజమే. వేరేచోటి కందిని తాండూరు పేరుతో అమ్మితే పట్టుకునేవాళ్లు కావాలి. అది చదువుకున్నవాళ్ల పని, అంటే మీ పని.

ఈసారి నాన్న యార్డుకు వెళ్తే వెంట వెళ్లండి. సరుకు అమ్మాక ఇచ్చే లెక్క చీటీ తక్‌పట్టీని చేతిలోకి తీసుకుని తేమ, తరుగు, హమాలీ ఒక్కొక్కటీ చదవండి. ఏ కోత ఎందుకో మర్యాదగానే అడగండి. ఇంటికొచ్చాక అమ్మ చేను పనికి వెళ్లిన రోజులకు కూలీ కట్టి చూడండి. ఆ పద్దు ఇంతవరకూ ఎవరూ రాయలేదు.